పూర్తిగా ఆన్‌లైన్‌లో తత్వశాస్త్రం తొలి కోర్సు: ఎలా చెప్పాలి?

పెన్నఒడ్డు (అనంతపురం)

అందరికీ నమస్కారం. వచ్చే సెమిస్టర్‌లో డిగ్రీ మొదటి ఏడాది వాళ్లకు తత్వశాస్త్ర పరిచయం కోర్సు చెప్పే పని నాకు అప్పగించారు. ఒక్క క్లాసూ గదిలో జరగదు. మొదటి పాఠం నుంచి చివరి పరీక్ష దాకా అంతా ఆన్‌లైనే. పిల్లలు అరవై మంది దాకా ఉంటారు. సగం మందివి కదిరి, రాయదుర్గం, ఉరవకొండ చుట్టుపక్కల పల్లెలు. కొందరు బెంగళూరులో పగలు పని చేసుకుంటూ రాత్రి చదివేవాళ్లు. ఈ సబ్జెక్టు ఇంతకుముందు చదివినవాళ్లు ఒక్కరూ లేరు.

సిలబస్‌లో ప్రమాణాలు (దేన్నైనా ఏ దారిలో తెలుసుకుంటాం అనేది), తర్కం, ఆత్మ, శరీరం, ఈశ్వరుడు, నీతి ఉన్నాయి. మనవాళ్లూ గ్రీకులూ ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ అందరూ వస్తారు. విషయం చెప్పడానికి భయం లేదు. నా టెన్షన్ వేరే. గదిలో అయితే ఒక ప్రశ్న వేసి ఆగుతాం. ఎవరో ఒకరు నోరు విప్పుతారు, ఇంకొకరు కాదంటారు, పాఠం అక్కడ మొదలవుతుంది. ఫోన్‌లో అరవై పేర్లు కనిపిస్తాయి, అన్నీ మ్యూట్‌లో ఉంటాయి. అలా చెప్పుకుంటూ పోతే చివరికి పిల్లలకు మిగిలేది పేర్లు, శతాబ్దాలు, నిర్వచనాలు. అది తత్వశాస్త్రం కాదు. చెప్పినవాళ్లు, చదువుకున్నవాళ్లు ఇద్దరూ రాయండి.

గండికోట_గాలి (కడప)

మేడమ్, 2020, 2021లో కరోనా సమయంలో నేను మానవ విలువలు, వృత్తి నైతికత పేపరు పూర్తిగా ఆన్‌లైన్‌లో చెప్పాను. ఆ తర్వాత కూడా సాయంత్రం బ్యాచీలకు చెప్తూనే ఉన్నాను.

గంటసేపు లైవ్ క్లాసు మీద ఆశ పెట్టుకోవద్దు. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కి కూర్చున్న పిల్లాడికి మీ మాట సగమే చేరుతుంది. పాఠాన్ని పది పన్నెండు నిమిషాల ఆడియోగా రికార్డు చేసి రెండు రోజుల ముందే పెట్టండి. వీడియో అక్కర్లేదు. 64 కేబీపీఎస్‌లో పన్నెండు నిమిషాల ఆడియో ఆరు ఎంబీ దాటదు. ఒక్క ఫోన్ డేటాను ఇంట్లో ముగ్గురు పంచుకునే చోట ఇది చాలా పెద్ద విషయం. లైవ్ గంట పెట్టినా దాన్ని మాట్లాడుకోవడానికే ఉంచండి, పాఠానికి కాదు.

అంతకంటే ముఖ్యం, ప్రశ్న ముందు రావాలి, పాఠం తర్వాత. ప్రమాణాల పాఠం నేను ఇలా మొదలుపెడతాను: "యాగంటిలో కాకులు ఉండవంటారు. ఉండవని మీకెలా తెలుసు?" అంతే. న్యాయం, మీమాంస అనే దర్శనాల పేర్లే ఎత్తను. గూగుల్ క్లాస్‌రూమ్‌లో దీన్ని ప్రశ్నగా పెడితే, ఎవరి జవాబు వాళ్లు రాశాకే తోటివాళ్లవి కనిపించేలా చేసుకోవచ్చు. మూడిల్ వాడేవాళ్లకు అందులోనూ ఇలాంటి ప్రశ్న–జవాబు ఫోరమ్ ఉంది. ఈ ఏర్పాటు లేకపోతే మొదటివాడు ఏం రాస్తే మిగతావాళ్లంతా అదే రాస్తారు.

బురుజు_నీడ (కర్నూలు)

రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పినవాడిగా నా అభిప్రాయం నేరుగా చెప్తాను. ఈ సబ్జెక్టును పూర్తిగా ఆన్‌లైన్‌లో పెట్టకూడదు.

సోక్రటీస్ తన బోధన ఏదీ రాసిపెట్టలేదు. ఆయన శిష్యుడు ప్లేటో ఫీడ్రస్ అనే సంభాషణలో ఆయన చేత ఒక మాట చెప్పిస్తాడు. రాసిన మాట చిత్రపటం లాంటిది, ప్రాణం ఉన్నట్టే కనిపిస్తుంది, ప్రశ్న వేస్తే మాత్రం జవాబివ్వదు, ఎన్నిసార్లు అడిగినా అన్నదే అంటుంది అని. మీరు రికార్డు చేసి పెట్టబోయే ఆడియోకు ఆ అభ్యంతరం అక్షరాలా వర్తిస్తుంది. ఛాందోగ్య ఉపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును మర్రిపండు తెమ్మంటాడు. పగలగొట్టమంటాడు. లోపలి గింజను చీల్చమంటాడు. ఏం కనిపిస్తోందని అడుగుతాడు. ఏమీ కనబడలేదని కొడుకు అన్నాకే అసలు మాట చెప్తాడు. ప్రతి అడుగూ శిష్యుడి మొహం చూసి వేసిందే. తెర మీద మొహం కనబడదు, పిల్లాడికి అర్థమైందో లేదో మీకు తెలియదు, వాడికీ తెలియదు.

సివిల్స్_దారి (నంద్యాల)

సార్, పక్కన కూర్చుని నేర్చుకునే అవకాశం ఎంతమందికి ఉంది? డిగ్రీలో తత్వశాస్త్రం చెప్పే కాలేజీ కోసం మా వైపు వెతుక్కోవాల్సిందే. సివిల్స్ పరీక్షలో నా ఆప్షనల్ ఇదే. ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్‌లో పాఠాలు విని, ఇగ్నో పుస్తకాలు చదివి నేర్చుకుంటున్నాను. 2013 నుంచి మెయిన్స్‌లో నీతి మీద విడిగా ఒక పేపరే ఉంది, దానికోసం చదివే పల్లె పిల్లలు ఎంతమందో. వాళ్లందరినీ గది దొరికేదాకా ఆగమందామా?

దూరం నుంచి తత్వచర్చ జరగదన్న మాట కూడా నిజం కాదు. బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లో డెకార్ట్‌కు ఉత్తరం రాసి ఒకటే అడిగింది: ఆత్మ భౌతిక పదార్థమే కానప్పుడు అది శరీరాన్ని ఎలా కదిలించగలదు? ఆయన 1650లో చనిపోయే ముందు దాకా వాళ్ల మధ్య ఉత్తరాలు నడిచాయి. ఆయన మొదటి జవాబుతో ఆమె తృప్తి పడలేదు, మళ్లీ అడిగింది. ఇవాళ్టికీ మనసు, శరీరం పాఠంలో పిల్లలకు మొదట చెప్పే అభ్యంతరం ఆమెదే. అదంతా కాగితం మీద, వారాల ఎడంతో జరిగింది.

బురుజు_నీడ (కర్నూలు)

మంచి ఉదాహరణ ఇచ్చావు బాబూ, ఒప్పుకుంటాను. కానీ ఆ ఉత్తరాలు రాసుకున్న ఇద్దరూ కావాలని రాసుకున్నవాళ్లు. క్రెడిట్ల కోసం పేపరు తీసుకున్న పదిహేడేళ్ల పిల్లాడు వేరు. దూరం ఒక్కటే సమస్య అనను. ప్రశ్నించడం అలవాటు కానివాణ్ణి దూరంగా వదిలెయ్యడం సమస్య.

కడప మాస్టారూ, మీ యాగంటి ప్రశ్నకు పిల్లలు ఏం రాశారో చెప్పండి. అది వినాలనుంది.

గండికోట_గాలి (కడప)

చెప్తాను సార్. కొందరు అగస్త్యుడి శాపం కథ రాశారు, అమ్మమ్మ చెప్పిందన్నారు. కొందరు "నేను పోయాను, కనబడలేదు" అన్నారు. ఒకడు అక్కడ కాకులకు తిండి దొరకదేమో, అందుకే రావేమో అన్నాడు. శబ్దం (నమ్మదగినవాళ్ల మాట), ప్రత్యక్షం (స్వయంగా చూడటం), అనుమానం (కారణాన్ని బట్టి తేల్చడం) మూడూ పేర్లు తెలియకుండానే వచ్చేశాయి. ఆ తర్వాత వాళ్ల జవాబుల పక్కనే ఈ పేర్లు రాసి చూపిస్తే చాలు, ఎవరికీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఆ బ్యాచీలో ఒక అమ్మాయి ఎప్పుడూ మైకు ఆన్ చేసేది కాదు. ఆమె రాత్రి పదకొండు దాటాక రాసింది: "కాకి కనబడింది అంటే చూశాను అని అర్థం. కాకి కనబడలేదు అంటే ఏం చూసినట్టు సార్?" గదిలో అయితే ఆ అమ్మాయి ఈ మాట అనేది కాదు. వెనక బెంచీలో తల వంచుకుని కూర్చునేది.

బురుజు_నీడ (కర్నూలు)

ఆ అమ్మాయి అడిగినది మామూలు ప్రశ్న కాదు. మన దర్శనాలు దాని మీద వందల ఏళ్లు కొట్లాడుకున్నాయి. నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వాళ్లు, లేకపోవడాన్ని కూడా ప్రత్యక్షంగానే తెలుసుకుంటాం అన్నారు. కుమారిల భట్టు దారిలోని భాట్ట మీమాంసకులు, అద్వైతులు ఒప్పుకోలేదు. కంటికి ఆనేది ఖాళీ నేలే కదా, లేకపోవడం కంటికి ఎలా ఆనుతుంది, దానికి వేరే ప్రమాణం కావాలి అని అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ఆరో ప్రమాణంగా పెట్టారు.

అయితే దానికొక షరతు ఉంది. పాఠంలో ఇది తప్పకుండా చెప్పండి. వస్తువు అక్కడ ఉండి ఉంటే కనబడి తీరాలి, అలాంటి చోట కనబడకపోతేనే లేదని తెలిసినట్టు. బెలుం గుహలో టార్చి లేకుండా నిలబడి గబ్బిలం కనబడలేదు కాబట్టి లేదు అంటే చెల్లదు. పట్టపగలు, అరుస్తూ తిరిగే నల్లటి పక్షి కనబడలేదంటే, ఆ పూట లేదన్నంత వరకు చెల్లుతుంది. "ఎప్పుడూ ఉండవు" అనడానికి మాత్రం ఒక పూట చూపు చాలదు. అక్కడ అనుమానం, వ్యాప్తి (ఇది ఉన్నచోటల్లా అదీ ఉంటుందన్న నియమం) మొదలవుతాయి. ఒక్క కాకి వాలితే ఆ మాట పడిపోతుంది, వంద పూటలు వాలకపోయినా పూర్తిగా నిలబడదు. సిద్ధాంతాన్ని తప్పని చూపించవచ్చు గానీ పూర్తిగా నిజమని నిరూపించలేం అన్న కార్ల్ పాపర్‌ను పరిచయం చెయ్యడానికి కూడా ఇదే చోటు.

కదిరి_కుర్రోడు (కదిరి)

అన్నా, సార్, మేడమ్, అందరికీ నమస్తే. నేను చదివినవైపు నుంచి చెప్తా. పోయినేడు ఒక ఆన్‌లైన్ కోర్సు చేసినా. వీడియోలు బాగుండేవి, చెప్పేవాళ్లు పెద్దవాళ్లు. డబుల్ స్పీడ్‌లో పెట్టి చూసి, క్విజ్ టిక్కులు పెట్టి ముగించినా. ఒక వారం మనసు పెట్టి రెండు పేరాలు రాసినా. ఎవరూ చదవలేదు. "సబ్మిటెడ్" అని వచ్చింది, అంతే. ఆ తర్వాత మళ్లీ మనసు పెట్టి రాయబుద్ధి కాలేదు.

మేడమ్, మీరు అరవై మందికీ పేజీలు పేజీలు రాయాల్సిన పని లేదు. వారానికి ఒక్కొక్కరికి ఒక్క వాక్యం చాలు. "నువ్వు ఇలా అన్నావు, మరి ఇలా జరిగితే ఏమంటావు?" అని ఒక్క ప్రశ్న వేస్తే ఆ పిల్లాడు మళ్లీ వస్తాడు. పదిమందికి వాయిస్ మెసేజ్, పదిమందికి రాత, ఎట్ల వీలైతే అట్ల.

ఇంకొకటి. మా కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది కదా, 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. ఐదెకరాల దాకా పాకింది, వెయ్యికి పైగా ఊడలు నేలలో దిగి మానులైపోయినాయి. ఒక ఊడ కింద నిలబడి "ఇది ఆ చెట్టేనా, వేరే చెట్టా" అంటే ఏం చెప్పాల? గ్రీకుల ఓడ కథ, పలకలన్నీ మార్చినా అదే ఓడా కాదా అనేది, నేను తర్వాత చదివినా. నాకు మా మాను గుర్తొచ్చింది. ఓడలో పాత పలక తీసి కొత్తది పెడతారు. మా మానుకు ఎవరూ ఏమీ మార్చడం లేదు, అదే పెరుగుతా పోతోంది. కాబట్టి రెండు ప్రశ్నలూ ఒకటి కాదనిపిస్తుంది నాకు.

పెన్నఒడ్డు (అనంతపురం)

తమ్ముడూ, ఆ చివరి మాట కోసమే ఈ కోర్సు. రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చెప్పగలగడం. ఓడ ప్రశ్నతో పాటు మాను ప్రశ్న కూడా పెడతాను. నీ అభ్యంతరాన్ని పిల్లల ముందు ఉంచుతాను, వాళ్లేమంటారో చూద్దాం.

వారానికి ఒక్కొక్కరికి ఒక వాక్యం అంటే అరవై వాక్యాలు. అది చెయ్యగలను. లైవ్ గంటలు వారానికి మూడు అనుకున్నాను, ఒకటికి తగ్గించి ఆ సమయాన్ని దీనికి పెడతాను.

నీతి భాగానికి ఫిలిప్పా ఫుట్ 1967లో పెట్టిన ట్రాలీ ప్రశ్నతో మొదలుపెడదామనుకుంటున్నాను. కెమెరాలు ఆన్ చెయ్యమని పట్టుబట్టాలా వద్దా అన్నది కూడా ఇంకా తేల్చుకోలేదు.

రాయదుర్గం_అక్క (రాయదుర్గం)

కెమెరా గురించి ముందు చెప్తానమ్మా. దయచేసి పట్టుబట్టొద్దు. నేను పెళ్లయ్యాక దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నాను. ఇల్లు రెండు గదులు. వెనక అత్తమ్మ పడుకొని ఉంటుంది, పిల్లలు అటూ ఇటూ తిరుగుతుంటారు. కెమెరా పెట్టమంటే ఆ రోజు క్లాసు మానేస్తాను తప్ప పెట్టను. ఆడపిల్లల్లో చాలామందికి ఇదే పరిస్థితి. మొహం చూడాలని మీకు ఉంటుంది, అర్థమవుతుంది. మా రాత చూడండి, మా గొంతు వినండి. ఇంకొకటి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మాకు వంట పని. ఆ వేళ లైవ్ పెడితే ఆడవాళ్లు చెవిలో పెట్టుకుని వింటారు కానీ మాట్లాడరు. తొమ్మిది తర్వాత పెట్టండి. పంటలు ఇంటికొచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో బుడ్డలు (వేరుశనగ) పీకే పని ఉంటుంది. పల్లె పిల్లలు ఆ వారాల్లో జవాబులు ఆలస్యంగా రాస్తారు, గడువు కొంచెం పెంచండి.

ట్రాలీ ప్రశ్న నేనూ చదివాను. పట్టాల మీద ఐదుగురు, పక్క పట్టా మీద ఒకరు, మీట లాగాలా వద్దా అని. బాగానే ఉంది కానీ పిల్లలు దాన్ని పజిల్‌లా తీసుకుంటారు, ఎవరి ఒంటికీ తగలదు. మా ఊళ్లో నిజంగా జరిగేది అడగండి. మీ చీనీ (బత్తాయి) తోట ఎండిపోతోంది. లోతుగా బోరు వేస్తే మీ తోట బతుకుతుంది. పక్క రైతు బోరు ఎండిపోతుందని మీకు తెలుసు. వేస్తారా? నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, బోరుకు అనుమతి కావాలి. సరే, అనుమతి వచ్చిందే అనుకుందాం. అప్పుడు వెయ్యడం న్యాయమేనా? మా ఇంట్లో ఈ మాట మీద అన్నం ముందు కూర్చుని గొడవ పడ్డారు. ప్రతి పిల్లకూ దీని మీద ఏదో ఒక అభిప్రాయం ఉంటుంది.

పెన్నఒడ్డు (అనంతపురం)

అక్కా, కెమెరా విషయం తేలిపోయింది. ఎవరినీ అడగను. లైవ్ రాత్రి తొమ్మిదికి పెడతాను.

బోరు ప్రశ్న చాలా బాగుంది, తీసుకుంటాను. ట్రాలీని మాత్రం పూర్తిగా వదలను. బోరు ప్రశ్నలో అప్పు ఉంది, కుటుంబం ఉంది, పక్కవాడితో పాత తగాదా ఉంది, చట్టం ఉంది. పిల్లలు వీటన్నిటి గురించీ ఒకేసారి మాట్లాడతారు. ట్రాలీలో అవన్నీ తీసేసి ఒక్క విషయమే ఉంచారు: మన చేతులతో హాని చెయ్యడం, హాని జరుగుతుంటే ఆపకపోవడం, రెండూ సమానమా? ఆ తేడా స్పష్టంగా చూశాక బోరు దగ్గరికి తిరిగి వస్తే, "నేను వాడి నీళ్లు లాక్కోలేదు, నా పొలంలో నేను తవ్వుకున్నాను" అనే వాదన ఏ రకమో పిల్లలే గుర్తుపడతారు. ముందు బోరు, తర్వాత ట్రాలీ, మళ్లీ బోరు.

ఇంకో భయం ఉంది, అది ఆన్‌లైన్‌కే ప్రత్యేకం. ఈశ్వరుడి పాఠం. గదిలో పిల్లాడు "దేవుడు లేడు" అన్నా "ఉన్నాడు" అన్నా ఆ గంటతో పోతుంది. ఇక్కడ రాసింది స్క్రీన్‌షాట్ అయిపోతుంది. ఊరి వాట్సాప్ గ్రూపుకు చేరితే ఆ పిల్లాడికే ఇబ్బంది.

గండికోట_గాలి (కడప)

దీనికి నేను వాడే పద్ధతి చెప్తాను. పక్షాన్ని పిల్లలకు వదిలిపెట్టను. బేసి రోల్ నంబర్లు ఈశ్వరుడు ఉన్నాడని వాదించాలి, సరి నంబర్లు లేడని వాదించాలి. తర్వాతి వారం తారుమారు. పేరా మొదట్లో "నాకిచ్చిన పక్షం ఇది" అని రాయడం తప్పనిసరి. అప్పుడు ఏ స్క్రీన్‌షాట్ బయటికి పోయినా అది పాఠంలో భాగమని కనిపిస్తుంది. పిల్లలకూ ధైర్యం వస్తుంది, తాము నమ్మని పక్షంలో బలం ఎక్కడుందో వెతకడం అలవాటవుతుంది.

పాఠం కూడా మనవాళ్ల నుంచే మొదలుపెట్టండి. న్యాయ దర్శన పండితుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుడు ఉన్నాడని యుక్తులు చూపించాడు. వేదాన్ని నెత్తిన పెట్టుకున్న మీమాంసకులు సృష్టికర్తను ఒప్పుకోలేదు. ఇది విన్నాక, దేవుడి మీద ప్రశ్న వెయ్యడం అంటే మతాన్ని తిట్టడం అనుకున్న పిల్లలు కొంచెం నెమ్మదిస్తారు.

బురుజు_నీడ (కర్నూలు)

పక్షం మార్చి వాదించడం మంచి పద్ధతి. దానికి ఒక నియమం చేర్చండి. ఎదుటివాణ్ణి ఖండించే ముందు వాడి పూర్వపక్షాన్ని, అంటే వాడు చెప్పినదాన్ని, రెండు వాక్యాల్లో రాయాలి, "అవును, నేనన్నది ఇదే" అని వాడు ఒప్పుకోవాలి. ఆ తర్వాతే ఖండన. న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలు చేశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమే లేకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడానికే చేసేది వితండం. మొదటి వారమే ఈ మూడూ చెప్పండి, ఉదాహరణలకు వాళ్ల సోషల్ మీడియానే చాలు. ఆపైన ఎవరైనా గీత దాటితే మీరు మందలించక్కర్లేదు, తోటి పిల్లలే "ఇది జల్పం" అంటారు.

పాఠాల్లో మన ప్రాంతాన్ని కూడా మరవొద్దు. గుంతకల్లు దగ్గరి కొనకొండ్ల కుందకుందాచార్యుడి ఊరని జైన సంప్రదాయం చెబుతుంది. ఒకే వస్తువును నిశ్చయ నయంతోనూ (దాని అసలు స్వరూపం వైపు నుంచి) చూడవచ్చు, వ్యవహార నయంతోనూ (మామూలు లోకవ్యవహారం వైపు నుంచి) చూడవచ్చు అన్న ఆయన పద్ధతి మొదటి ఏడాది పిల్లలకు చక్కగా అందుతుంది. వేమన సమాధి కటారుపల్లిలో ఉంది. ఉప్పు, కర్పూరం పద్యం ప్రతి పిల్లకూ వచ్చు. అప్పజెప్పించుకోవద్దు. ఉప్పూ కర్పూరం రుచిలో వేరు కాబట్టి మనుషుల్లోనూ అలాంటి తేడా ఉందని నిరూపణ అయిందా అని అడగండి. దృష్టాంతం ఎంతవరకు బలం ఇస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అనేది అక్కడ తెలుస్తుంది.

సివిల్స్_దారి (నంద్యాల)

ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. ఇప్పుడు ఏ ప్రశ్నకైనా చాట్‌జీపీటీ ఒక నిమిషంలో రెండు పేజీలు రాసిస్తుంది, తెలుగులో కూడా. కనిపెట్టే సాఫ్ట్‌వేర్లను నమ్మడానికి లేదు. చాట్‌జీపీటీని చేసిన ఓపెన్ఏఐ సంస్థ తానే తయారు చేసిన పరీక్ష సాధనాన్ని కచ్చితత్వం చాలదని 2023 జూలైలో తీసేసింది. ఏ తప్పూ చెయ్యని పిల్లాణ్ణి దొంగ అనే ప్రమాదం ఉంది. మరి మార్కులు ఎలా వేస్తారు?

బురుజు_నీడ (కర్నూలు)

వ్యాసం అడగడం మానెయ్యండి. పంచావయవ వాక్యం అడగండి. ఐదు వరుసలే. కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లో చూసినట్టు. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పుంది. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. ఫోన్‌లో టైపు చేసేవాడికి ఐదు వరుసలు భారం కాదు, దిద్దేవాళ్లకూ భారం కాదు.

తర్వాత ఫోన్‌లో ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు మాట్లాడండి. "నువ్వు పొగ అన్నది తెల్లవారు మంచు అయితే?" అంటే హేతువే అక్కడ లేదు, అసిద్ధం. "నిప్పుంది కాబట్టి పొగ ఉంది అని తిప్పి చెప్తే?" అంటే ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు, కాబట్టి వ్యభిచరించింది, అంటే హేతువు ఉన్నా చెప్పదలచింది అక్కడ లేదు. ఐదు వరుసలు ఎవరు రాసిచ్చినా ఈ రెండు ప్రశ్నలకు జవాబు వాడే చెప్పాలి. అరవై మందికి ఐదేసి నిమిషాలంటే ఐదు గంటలు, వారం రోజుల్లో సర్దుకోవచ్చు. మార్కుల్లో సగం ఈ మాటలకే పెట్టండి. నేను ఎదురుగా కూర్చోబెట్టి అడిగేవాణ్ణి, ఫోన్‌లోనైనా అడగాల్సింది అవే.

వింటూ_చదివే (ఆదోని)

నమస్కారం. నాకు చూపు లేదు. ఫోన్‌లో తెర మీదిది పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని చదువుకుంటాను. మీ తరగతిలో నాలాంటివాళ్లు ఒక్కరున్నా పనికొస్తుందని రాస్తున్నాను.

పుస్తకం పేజీని ఫొటో తీసి పంపితే మా ఫోన్ దాన్ని బొమ్మ అనుకుంటుంది, చదవదు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత తెలుగు పీడీఎఫ్‌లు అర్థం లేని అక్షరాలుగా వినిపిస్తాయి. యూనికోడ్ తెలుగులో టైపు చేసి మామూలు మెసేజ్‌గా పెడితే చక్కగా వింటాం. ఆడియో పాఠం మాకు వరమే. అందులో "ఈ బొమ్మలో చూడండి" అనకండి, బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పండి. గోడ మీది నీడలనే నిజమనుకునే బందీల గురించి ప్లేటో చెప్పిన గుహ కథను ఒకాయన పటం గీసి చూపిస్తూ చెప్పాడు, నాకు ఏమీ అందలేదు. తర్వాత ఒక మిత్రుడు ఎవరు ఎటు తిరిగి కూర్చున్నారు, నిప్పు ఎక్కడుంది, నీడలు ఏ గోడ మీద పడుతున్నాయి అని వరసగా చెప్పాడు. అప్పుడు పూర్తిగా తెలిసింది.

పెన్నఒడ్డు (అనంతపురం)

చాలా మంచి పని చేశారు చెప్పి. నా దగ్గరున్న నోట్సులో సగం పాత ఫాంట్లలోనే ఉంది. సెమిస్టర్ మొదలయ్యేలోపు మొత్తం తిరిగి టైపు చేయిస్తాను. ఆడియోకు తోడు అదే పాఠం రాతలో కూడా ఉంటుంది.

భాష గురించి కూడా ఒక మాట. మా కోర్సు కాగితం మీద ఇంగ్లీషు మీడియం. పరీక్ష జవాబు ఇంగ్లీషులో రాయక తప్పదు. వారం వారం చర్చ మాత్రం తెలుగులో రాయొచ్చని చెప్తాను. రాని భాషలో రాయమంటే పిల్లలు గైడు వాక్యాలు ఎత్తి రాస్తారు. ఆలోచన తేలాక దాన్ని ఇంగ్లీషులో పెట్టడం విడిగా నేర్పవచ్చు.

బురుజు_నీడ (కర్నూలు)

నా అభిప్రాయం ఇంకా మారలేదు. ఇవన్నీ చేసినా, ఇద్దరు మనుషులు ఒకచోట కూర్చుని ఒక మాట మీద గంటసేపు నిలబడే అనుభవం పిల్లలకు దక్కాలి. కాలేజీ గది లేకపోతే పోనీ. ఒకే ఊరి పిల్లలను ముగ్గురు నలుగురిగా జట్టు చెయ్యండి. వారానికోసారి వాళ్లే కలుసుకుని ఆ వారం ప్రశ్న మీద మాట్లాడుకుని, ఎక్కడ ఒప్పుకున్నారో ఎక్కడ ఒప్పుకోలేదో ఐదారు వరుసలు రాసి పంపాలి.

కదిరి_కుర్రోడు (కదిరి)

ఇది జరిగే పనే సార్. కదిరిలో అయితే లైబ్రరీలో కూర్చోవచ్చు. ఒప్పుకోని చోటు రాయమన్నారు చూడండి, అది నచ్చింది. గ్రూప్ వర్క్ అంటే అందరూ ఒకటే రాసి సంతకాలు పెట్టడమే ఇప్పటిదాకా.

రాయదుర్గం_అక్క (రాయదుర్గం)

మగపిల్లలకు లైబ్రరీ. ఆడపిల్లలకు సాయంత్రం బయటికి పోవడం అన్ని ఇళ్లల్లో కుదరదు. కలుసుకోవడం తప్పనిసరి అంటే వాళ్ల మార్కులు పోతాయి. ఫోన్‌లో కాన్ఫరెన్స్ కాల్ అయినా చెల్లుతుందని రాయండి. మామూలు కాల్ అయితే డేటా కూడా అక్కర్లేదు.

పెన్నఒడ్డు (అనంతపురం)

అక్క చెప్పినట్టే. ఊరిని బట్టి జట్లు. కలుసుకుంటారో, కాల్‌లో మాట్లాడుకుంటారో వాళ్ల ఇష్టం. బెంగళూరు వాళ్లకు వేరే జట్టు, ఆదివారం.

మొదటి రెండు వారాలు ఇలా అనుకుంటున్నాను. సోమవారం యాగంటి ప్రశ్న ఒక్కటే పెడతాను, పాఠం ఉండదు. గురువారం దాకా జవాబులు. శుక్రవారం పన్నెండు నిమిషాల ఆడియో, పిల్లలు రాసిన వాక్యాలతోనే ప్రమాణాలు పరిచయం. ఆ వారంలోనే వాదం, జల్పం, వితండం. ఆదివారానికి అరవై మందికీ నా ఒక్కో ప్రశ్న చేరుతుంది. రెండో వారం బుధవారం రాత్రి తొమ్మిదికి లైవ్, అందులో జట్ల వాళ్లు ఒప్పుకోని చోట్ల గురించే మాట్లాడతాం. రెండో వారం చివర మొదటి పంచావయవ వాక్యం. విషయం బోరు. మార్కులు సగం రాతకు, సగం ఫోన్ మాటకు.

సూచనల కాగితాన్ని యూనికోడ్‌లో టైపు చేసి ఇక్కడే జత చేశాను. ఆదోని నుంచి రాసిన మిత్రుడు ఒకసారి విని చెప్తే బాగుంటుంది.

వింటూ_చదివే (ఆదోని)

విన్నాను మేడమ్. అక్షరాలన్నీ సరిగ్గా వస్తున్నాయి. వారాల పట్టిక దగ్గర మాత్రం చిక్కు ఉంది. గళ్లలో పెట్టినందువల్ల సోమవారం ప్రశ్న, రెండో వారం సోమవారం ప్రశ్న వెంటవెంటనే చదువుతోంది, ఏది ఏ వారానిదో తెలియడం లేదు. పట్టిక తీసేసి, వారం పేరు, కింద రోజులు వరుసగా రాయండి. మిగతాదంతా బాగుంది.

పెన్నఒడ్డు (అనంతపురం)

మార్చి మళ్లీ పెట్టాను. పాత ఫైలు తీసేశాను.